పన్నెండో పేరు

అరకు లోయలోని ఒక ఆశ్రమ పాఠశాలలో ముప్పై ఒక్క ఏళ్లు ఇంగ్లిష్ చెప్పాను. పాఠం మొదలుపెట్టే ముందు బోర్డు మీద ఎడమ మూలన ఒక మాట రాసి, అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేవాణ్ని. అది పరీక్షలో రాదని పిల్లలకు తెలుసు. అయినా వినేవారు. ఆ మాటలన్నీ పొడుగాటి నోటుపుస్తకాల్లో రాసిపెట్టుకున్నాను. ఏడు పుస్తకాలు నిండాయి. మూడో పుస్తకం మొత్తం పేరుకు సంబంధించిన మాటలే.

పేరు మీద అంత శ్రద్ధ ఎందుకంటే మా ఇంటికి మిగిలింది అదొక్కటే. మా తాత ముఠాదారు. ఆయన ముఠాలో ఉన్న పదిహేడు కొండ ఊళ్ల మంచీ చెడ్డా ఆయన గడపలో తేలేవి. ఆయన డోలీలో బయల్దేరితే ముందు ఒక మనిషి బూర ఊదుకుంటూ నడిచేవాడట. ముఠాలు రద్దయ్యాయి, భూములు పోయాయి, పెద్ద ఇల్లు ఒక వానాకాలంలో కూలింది. నేను పుట్టేసరికి రెండు గదులు, ఒక రేకుల వసారా మిగిలాయి. ఆ వసారాలోనే మా నాన్న గోడకు ఆనుకోకుండా నిటారుగా కూర్చునేవాడు. నేనూ అలాగే కూర్చుంటాను. సంతలో ఎవరైనా నన్ను చూపించి ‘ముఠాదారు మనవడు’ అంటే వినపడనట్టు నడుస్తాను గానీ, ఆ మాట వినపడని రోజు నాకు అన్నం సయించదు.

ఇంటిపేరును ఇంగ్లిష్‌లో సర్‌నేమ్ అంటారు. సర్ అంటే పైన అని పాత ఫ్రెంచి. మనిషి పేరు మీద ఇంకో పేరు. నా కూతురు నా క్లాసులోనే ఎనిమిదో తరగతి చదివింది. ఈ మాట చెప్పిన రోజు లేచి నిలబడి, “మనకి ఇంటిపేరు ముందుంటాది కదా నాన్నా, మీదెలాగుంటాది?” అని అడిగింది. క్లాసులో నాన్నా అనకూడదని మందలించాను. కూర్చుని, మళ్లీ లేచి, “మనకి ముందుంటాది కదా సార్” అంది. క్లాసంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది గానీ బోర్డు వైపు తిరిగిపోయాను.

మా ఇంట్లో బిడ్డ పేరును ఎవరి ఇష్టాన్ని బట్టీ పెట్టరు. చనిపోయిన పెద్దల్లో ఎవరో ఒకరు ఆ బిడ్డగా తిరిగొస్తారని మా నమ్మకం. వచ్చింది ఎవరో కనుక్కుని ఆ పేరుతో పిలుస్తారు. ఇత్తడి గిన్నెలో కొండవాగు నీళ్లు పోసి, ఇంటి పెద్ద ముందుగా బిడ్డ తరఫున ఒక బియ్యపుగింజ వేస్తాడు. అది అడుక్కి దిగాక, పాతవాళ్ల దగ్గర్నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క పేరు చెబుతూ ఒక్కొక్క గింజ వదులుతాడు. ఏ పేరుకు వదిలిన గింజ బిడ్డ గింజను తాకుతుందో ఆ మనిషి వచ్చినట్టు. మగపేరు తగిలి పుట్టింది గుంట, అంటే ఆడపిల్ల, అయితే చివర కొంచెం మార్చి పిలుస్తారు. మొత్తం ఇరవై రెండు పేర్లు. వాటిని కాగితం మీద పెట్టకూడదు. బిడ్డ పుట్టినప్పుడు తప్ప పైకి పలకకూడదు. ఆ సమయంలో ఆడవాళ్లు ఆ గదిలో ఉండకూడదు. మధ్యలో ఒక పేరు జారితే, ఆ జారిపోయిన మనిషి అలిగి బిడ్డ మీద పడతాడని మా నాన్న చెప్పాడు.

కీర్తికి ఇంగ్లిష్‌లో రినౌన్ అనే మాట ఉంది. దాన్ని విప్పి చూస్తే లోపల ఉన్నది మళ్లీ పేరు చెప్పడం, మరోసారి పిలవడం. అది తెలిసిన రోజు మా ఇంటి పద్ధతికి దొరల భాషలో సాక్ష్యం దొరికినట్టు పొంగిపోయాను. మూడో పుస్తకంలో ఆ మాట కింద రెండు గీతలు గీశాను.

మా నాన్న ఆ పేర్లను నాకు మూడు ఉదయాలు వాగు ఒడ్డున కూర్చోబెట్టి చెప్పాడు. అప్పటికి నాకు పెళ్లి కాలేదు. మూడో ఉదయం నేను ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పాను. నా కూతురు పుట్టినప్పుడు గింజలు వేసింది మా నాన్నే. రెండేళ్ల తర్వాత ఆయన పోయాడు. అప్పటి నుంచి ఇంటికి పెద్దను నేను. నా కూతురికి పదేళ్లు వచ్చాక మా అమ్మ పోయింది. ఆ పదేళ్లూ దాన్ని వీపున కట్టుకుని తిరిగింది, స్నానాలు పోసింది, బడికి దిగబెట్టింది మా అమ్మే. పోయినవాళ్ల పేర్లు వరసలో చివర చేరతాయి. అలా ఇరవై ఒకటి మా నాన్న, ఇరవై రెండు మా అమ్మ.

కూతురు పార్వతీపురంలో నర్సు చదువు చదివింది. అక్కడే ఒక అబ్బాయిని ఇష్టపడింది. పక్క కొండ ఊరివాడే. రెండెకరాల కాఫీ తోట, సిల్వర్ ఓక్ చెట్లకు మిరియం తీగలు. నెమ్మదస్తుడు. వాళ్లు రెండు తరాలుగా కేథలిక్కులు. వాళ్ల తాత మా తాత డోలీ మోసినవాడు. వాళ్లకు ఒకప్పుడు ఇంటిపేరు లేదు. మిషన్ బడిలో పేర్లు రాసుకున్న గుమాస్తా ఊరి పేరునే ఇంటిపేరుగా రాసేశాడు. ఆ సంగతి పెళ్లి భోజనాల దగ్గర నలుగురిలో చెప్పాను. నవ్వుతూనే చెప్పాను. అల్లుడు తల వంచుకుని నవ్వాడు. నా కూతురు నవ్వలేదు.

పెళ్లికి ముందు అది జ్ఞానస్నానం తీసుకుంది. ఫాదర్‌గారు కొత్త పేరు ఇచ్చారు. క్రిసెన్ అనే ఇంగ్లిష్ మాటకు మొదట్లో క్రైస్తవులుగా చేయడమనే అర్థమే ఉండేది. ఆ పనితో పాటే పేరు కూడా పెడతారు కాబట్టి, పోనుపోను పేరు పెట్టడమనే అర్థం వచ్చి చేరింది. ఇప్పుడు ఓడలకు కూడా ఆ మాట వాడతారు. ఇదంతా కూతురికి ఫోన్లో వివరించాను. “అయితే నన్ను ఆ పేరుతో పిలుస్తావా నాన్నా?” అని అడిగింది. వ్యాకరణం ఏదో చెప్పి మాట మార్చాను.

వానాకాలంలో మనవరాలు పుట్టింది. నా భార్య పురుడు పోయడానికి వెళ్లి నెల రోజులు ఉండి వచ్చింది. నేను వెళ్లలేదు. పేరు కోసం వాళ్లే నా గడపకు రావాలి.

వచ్చాడు. ఒక ఉదయం అల్లుడు తడిసిన గొడుగు బయట పెట్టి, అరటిపళ్ల అత్తం, కాఫీపొడి పొట్లం తెచ్చి వసారా అంచున నిలబడ్డాడు.

“మావయ్యా, గుంటకి పేరు సెప్పాలి. మీ అమ్మాయి మీరే సెప్పాలంటంది.”

“ఎలా అడగాలో తెలుసా?” అన్నాను.

“తెలీదు. మీరు సెప్తే అలాగే సేత్తాను.”

“బిడ్డ తండ్రి జీలుగు కల్లు కుండ తెచ్చి గడప ముందు పోసి అడగాలి. పెద్దలకు దాహం తీరాలి.”

అతను కాఫీపొడి పొట్లం ముందుకు చాచాడు. “మేం కల్లు ముట్టం కదా మావయ్యా. మా తోట పొడి తెచ్చేను. కాఫీ కాసి పోత్తే తాగరేటి?”

“మా పెద్దలకు కాఫీ అలవాటు లేదు” అన్నాను.

లోపలి నుంచి నా భార్య నవ్వడం వినిపించింది. అతను కూడా నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఇద్దరూ ఆపేశారు. అతను వెళ్లాక ఆమె గుమ్మంలోకి వచ్చింది. “ఏటా పంతం? కల్లు పోత్తే గానీ దిగరేటి మీవోళ్లు? ఆళ్లు దిగుతారు గానీ మీరే దిగరు.”

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఇంతవరకూ కాగితం మీద కూడా ఒప్పుకోనిది. అడ్డం కల్లు కాదు. నాకు పేర్లు గుర్తులేవు.

మనవరాలు పుట్టిందన్న కబురు వచ్చిన రోజే వాగు దగ్గరికి వెళ్లి ఒక్కణ్నే నెమరువేసుకున్నాను. పదకొండు దాకా నీళ్లలా వచ్చాయి. పన్నెండో పేరు దగ్గర ఆగిపోయాను. పదిహేను నుంచి మళ్లీ వచ్చాయి. మధ్యలో మూడు లేవు. మళ్లీ మొదటి నుంచి చెప్పాను. మళ్లీ అక్కడే ఆగాను. తర్వాత రోజూ ప్రయత్నించాను. స్నానం చేస్తూ, బస్సులో, అడవిలో విస్తళ్లకు అడ్డాకులు కోస్తూ. పన్నెండో పేరు ఒక ఆడమనిషిదని మాత్రం తెలుసు. నేమ్‌సేక్ అంటే ఒకరి పేరు కోసం, ఆ పేరుకు మర్యాదగా ఆ పేరే పెట్టుకున్న మనిషి అని ఏ పుటలో రాశానో చెప్పగలను. ఏలియస్ అంటే లాటిన్‌లో మరోలా, మరో వేళ అని చెప్పగలను. మా ఇంటి పన్నెండో మనిషిని చెప్పలేకపోయాను.

నేను చదువుకున్నవాణ్ని. జారిపోయిన పెద్ద అలిగి బిడ్డ మీద పడతాడనే మాట క్లాసులో ఎవరైనా అంటే నవ్వి ఉండేవాణ్ని. గిన్నె ముందు కూర్చోవాలనేసరికి మాత్రం మూడు పేర్లు తప్పించి గింజలు వేస్తే బిడ్డకు ఏమవుతుందోనని భయం. మరిచిపోయానని చెబితే నాకు ఏమవుతుందోనని అంతకన్నా పెద్ద భయం. ఈ రెండూ బయటికి కల్లు కుండగా కనిపించాయి.

ఆ పేర్లు తెలిసిన మనిషి ఇంకొకరు ఉండొచ్చని నాకు తట్టకపోలేదు. మా మేనత్త. మా నాన్నకు చెల్లెలు. పెద్ద ఇంట్లో పెరిగింది కాబట్టి ఎప్పుడో చెవిన పడే ఉంటాయి. బొర్రా గుహలకు పోయే దారిలో మనవరాలితో కలిసి బొంగులో చికెన్ అమ్ముతుంది. ముఠాదారు కూతురు రోడ్డు పక్కన నిప్పుల ముందు కూర్చుని యాత్రికులను పిలుస్తుంటే చూడలేక, ఆరేళ్ల క్రితం ఆమెను ఇంటి పరువు తీశావని అన్నాను. అప్పటి నుంచి ఆ దారిన బస్సులో వెళ్లినా రెండో వైపు కిటికీ దగ్గర కూర్చుంటాను. ఇంటి పెద్దనై ఉండి ఆ పొయ్యి ముందు నిలబడి మా పెద్దల పేర్లు చెప్పమని ఎలా అడగను?

రెండు నెలల తర్వాత అల్లుడు మళ్లీ వచ్చాడు. ఈసారి వెంట ఇంకో మనిషి, అతని నెత్తిన కుండ. నేను అనుకోలేదు. కుండ గడప ముందు దింపించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“కల్లు తెచ్చేను మావయ్యా.”

కుండ వైపు చూశాను, మోసుకొచ్చిన మనిషి వైపు చూశాను. “తండ్రే మొయ్యాలి. మనిషిని పెట్టి మోయిస్తే చెల్లదు” అన్నాను. అలాంటి నియమం ఉందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ క్షణంలో నోటికి వచ్చింది.

అతను మొదటిసారి నా కళ్లలోకి చూశాడు. “మా తాత మీ తాతని మోసేడు. నాను ఓ కుండ మొయ్యలేనేటి? కానీ కల్లు ముట్టనని చర్చిలో మాటిచ్చేను మావయ్యా. మీకు మీ మాట ఎంతో నాకూ అంతే కదా.” కుండ అక్కడే వదిలి వెళ్లిపోయాడు. కల్లు పులిసి ఈగలు ముసిరాక నా భార్యే పారబోసింది.

మూడోసారి కూతురే వచ్చింది. శుక్రవారం సంతకు వచ్చి, అక్కడి నుంచి బిడ్డను ఎత్తుకుని నడిచి వచ్చింది. బిడ్డకు ఎర్ర ఊలు టోపీ. నన్ను చూసి ఏడుస్తుందనుకున్నాను. నా కళ్లద్దాలు పట్టుకుని లాగింది. కూతురు నవ్వి, “ఏటే, తాత పరువు తీసేత్తన్నావు” అంది. నేను కళ్లద్దాలు ఇచ్చేశాను. అది వాటిని నోట్లో పెట్టుకుంది.

“నాన్నా, ఫాదర్‌గారు జ్ఞానస్నానం ఎప్పుడని అడుగుతున్నారు. నేనే ఆపేను. ముందు మా నాన్న పేరు చెప్తాడు, ఆ పేరే మీరూ పెట్టాలన్నాను. ఆయన సరేనన్నారు.”

“రెండు నీళ్లలో ఒకే పేరా?” అన్నాను. చర్చివాళ్లు వాడే బాప్టైజ్ అనే మాటకు గ్రీకులో నీళ్లలో ముంచడమనే అర్థం. మాకూ గింజ నీళ్లలో పడాల్సిందే. ఆ మాట చెబుదామనుకుని మానేశాను. చెబితే నేను మెత్తబడ్డానని అనుకుంటుంది.

“నువ్వు ఏ పేరు చెప్పినా ఫరవాలేదు నాన్నా. నువ్వు చెప్పాలంతే. ఆయన్ని ఏమీ అడక్కు. నన్ను అడుగు. కుండ నేను మోస్తాను.”

ఒక్కమాట చెప్పి ఉంటే సరిపోయేది. మరిచిపోయానమ్మా అని. దాని ముఖం చూస్తూ కూడా చెప్పలేకపోయాను. చిన్నప్పుడు నేను ఏ మాట అడిగినా చెప్పగలనని అది బడిలో పిల్లలతో పందెం కాసేది.

“చలికాలం పోనీ. చూద్దాం” అన్నాను.

“ఎంతకాలం గుంటా గుంటా అని పిలవాలి?”

“పిలుస్తూ ఉండు. ఆ మాటకేం లోటు?”

కూతురు బిడ్డ నోట్లోంచి కళ్లద్దాలు తీసి, చీర చెంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది. బేగి వెళ్లాలి, జీపు దొరకదంటూ లేచింది. నా భార్య వీధి చివరి దాకా బిడ్డను ఎత్తుకుని వెళ్లింది. నేను వసారాలోనే ఉన్నాను.

చలికాలం పోలేదు. నెల తిరగకముందే బిడ్డకు జ్వరం. కూతురు నర్సే కాబట్టి ఒక్క రోజు కూడా ఆలస్యం చేయలేదు. అంబులెన్సులో ఘాట్ రోడ్డు దిగి విశాఖ తీసుకెళ్లారు. నేనూ నా భార్యా మరునాడు వెళ్లాం. అద్దాల గదిలో ఉంది. పేరు లేని పిల్లలను ఆసుపత్రిలో తల్లి పేరుతో రాస్తారు. చేతికి కట్టిన ప్లాస్టిక్ పట్టీ మీద బేబీ ఆఫ్ అని, దాని పక్కన నా కూతురి చర్చి పేరు. బెల్లు కొట్టి ఆయా ఆ పేరు పిలిచినప్పుడల్లా కూతురూ అల్లుడూ లేచి నిలబడేవారు. నాలుగో రోజు కూడా అలాగే పిలిచింది. అలాగే లేచారు.

ఎనానిమస్ అంటే పేరు లేని అని గ్రీకు. ముందున్న చిన్న అక్షరం లేకపోవడాన్ని చెబుతుంది. ఆ మాట నేను ఎన్నో ఏళ్లు పద్యాల కింద చూపించి, రాసినవాళ్లెవరో తెలియదు పిల్లలూ అని తేలిగ్గా చెప్పేసేవాణ్ని. ఆసుపత్రిలో ఇచ్చిన కాగితం మీద పేరు అనే గడిలో అడ్డంగా ఒక గీత ఉంది. అల్లుడు దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఏడు నెలల బిడ్డ.

వాళ్ల ఊళ్లో, చర్చి వెనక తోటలో పాతిపెట్టారు. నేను రోడ్డు మీద నిలబడ్డాను. అక్కడి నుంచి ప్రార్థన వినిపించింది. ఫాదర్‌గారు పేరు రావలసిన చోటల్లా ఈ చిన్నారి అని చదివారు. శిలువ పోతపోసే మేస్త్రి వచ్చి ఏమి రాయాలని అడిగాడు. అల్లుడు నా కూతురి వైపు చూశాడు. అది గేటు దాటి నా దగ్గరికి నడిచి వచ్చింది. ఏడవడం లేదు.

“ఇప్పుడైనా చెప్తావా నాన్నా?”

అది కాసేపు ఆగి, వెనక్కి వెళ్లి మేస్త్రితో ఏదో చెప్పింది. శిలువ మీద ఏమీ రాయలేదు.

ఇంటికి వచ్చాక మూడో పుస్తకం తీశాను. ఇగ్నొమినీ అంటే అవమానం. లాటిన్‌లో పేరు పోగొట్టుకోవడం. దాని కింద ఎప్పుడో నా దస్తూరీతోనే, ఉదాహరణ అని పెట్టి, మా ముఠా పోయిన సంగతి రాసుకుని ఉంది. చక్కటి ఇంగ్లిష్. ఆ పుట చాలాసేపు చూశాను. కొట్టివేయాలో, కింద ఇంకేమైనా రాయాలో తెలియక మూసేశాను.

మూడో రోజు పొద్దున్నే బొర్రా వైపు బస్సెక్కాను. మేనత్త పొయ్యి ముందు ముక్కాలిపీట మీద కూర్చుని, బొంగు మూతికి అడ్డాకు కుక్కుతోంది. నన్ను చూసి చేతులు తుడుచుకోలేదు.

“ఏట్రా, దారి తప్పేవా? మీ బస్సుకి ఇటేపు కిటికీ కూడా ఉందేటి?”

ఆమెకు కబురు తెలుసు. నేను నిలబడే చెప్పాను. పదకొండు దాకా వస్తాయి, పన్నెండు నుంచి మూడు రావు అని. అందుకే గింజలు వేయలేదని కూడా చెప్పాను. ఆ మాట పైకి అనడం అదే మొదలు. పక్కన నలుగురు యాత్రికులు ఫొటోలు తీసుకుంటున్నారు.

మేనత్త చేతిలోని బొంగు కింద పెట్టింది.

“మీ నాన్నా మరిసిపోయీవోడ్రా” అంది. “నీకు గింజలేసినప్పుడు అక్కడే ఆగిపోనాడు. నీ కూతురికేసినప్పుడూ అంతే. తడిక ఎనకాల నాను కూకుని అందించీదాన్ని. మా నాయనకి మా మేనత్త అందించీది. గదిలో ఆడోళ్లు ఉండకూడదన్నారు గానీ, తడిక ఎనకాల ఉండకూడదన్నారేటి?”

“పేరు జారితే బిడ్డకు…”

“జారితే మళ్లీ మొదట్నుంచి సెప్పీవోరు. ఏటవుద్ది? పెద్దోళ్లకి బుర్ర లేదనుకున్నావేటి, గింజ కోసం పిల్లని తినీడానికి? నాకు కబురెట్టుంటే కర్ర పట్టుకుని నడిసొద్దును కదరా, ముష్టి మూడు పేర్లకి!” అని కొంగు నోట్లో కుక్కుకుంది. మనవరాలు పరుగెత్తుకుంటూ వచ్చి నీళ్లు ఇచ్చింది. మేనత్త ఆ నీళ్లు తాగకుండా నా చేతికి ఇచ్చింది. నేను తాగాక, నన్ను దగ్గరికి రమ్మని, ఆ మూడు పేర్లూ చెవిలో చెప్పింది. పన్నెండో పేరు చాలా చిన్నది. రెండే అక్షరాలు.

అక్కడి నుంచి నేరుగా కూతురి ఊరు వెళ్లాను. ఆ ఇంట్లోకి అడుగు పెట్టడం అదే మొదటిసారి. వాకిట్లో టార్పాలిన్ మీద కాఫీ పళ్లు ఆరబోసి ఉన్నాయి. కూతురు కర్రతో వాటిని తిరగేస్తోంది. అల్లుడు పంపు దగ్గర ఇంకో తట్ట కాఫీ పళ్లు కడుగుతున్నాడు. కుర్చీ తేబోతే వద్దన్నాను. మేనత్తకు చెప్పినట్టే చెప్పాను. మొత్తం చెప్పాను. కల్లు కుండ మోయాలన్న నియమం నేను కల్పించినదని కూడా చెప్పాను. అల్లుడు ఇంకో గుప్పెడు పళ్లు పంపు కింద పెట్టాడు.

“మూడు పేర్లా?” అంది కూతురు.

“మూడే.”

“మిగతా పంతొమ్మిదితో వేసేసినా సరిపోయేది కదా నాన్నా.” కోపం లేదు ఆ గొంతులో. లెక్క సరిచేస్తున్నట్టు అంది. “నాకు చెప్పుంటే నేనే మీ మేనత్త దగ్గరికి వెళ్లి అడిగేదాన్ని. ఒక పూట పని.”

పళ్లు తిరగేస్తూనే ఉంది. ఎండలో పులిసిన వాసన వస్తోంది.

“ఇప్పుడు గిన్నె పెడితే…” అన్నాను.

“వద్దు. గింజలు పుట్టినోళ్లకి.”

“ఇంట్లో దాన్ని ఏమని పిలిచేవారు? గుంట అనేనా?”

అది టార్పాలిన్ అవతలి అంచుకు జరిగింది. మళ్లీ అడిగాను. ముద్దుపేరు ఏదో ఉండే ఉంటుంది కదా అన్నాను. నిక్‌నేమ్ అంటే పాత ఇంగ్లిష్‌లో అదనపు పేరు. అసలు పేరే లేని బిడ్డకు అది అదనం ఎలా అవుతుందని నాకే అనిపించింది.

“చెప్పను” అంది. “చెప్తే తప్పంటావు.”

“అనను.”

“అంటావు నాన్నా. నాకు తెలుసు.” కాసేపటికి తనే, “ఆ పేర్లు నాకు చెప్పు. ఇరవై రెండూ. ఇంకెవరూ మరిచిపోకుండా నేను నేర్చుకుంటాను” అంది.

ఆడవాళ్లకు చెప్పకూడదన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చి ఆగింది. చెప్పడం మొదలుపెట్టాను. నేను ఒకటి చెప్పడం, తను దాన్ని పలకడం. మధ్యలో పళ్లు తిరగేయడం ఆపలేదు. పదకొండు అయ్యాయి. పన్నెండో పేరు చెప్పాను. అలాగే పలికింది. పదమూడు, పద్నాలుగు. అల్లుడు పంపు ఆపేసి దూరంగా నిలబడి వింటున్నాడు. ఇరవై ఒకటి, మా నాన్న పేరు. పలికింది. ఇరవై రెండు చెప్పాను.

పలకలేదు.

వినపడలేదేమోనని మళ్లీ చెప్పాను. కూతురు కర్ర పక్కన పడేసి ఆ కాఫీ పళ్ల మీదే కూలబడి, మోకాళ్లలో ముఖం దాచుకుంది. అల్లుడు వచ్చి దాని భుజం మీద చెయ్యి వేసి, “సాలు మావయ్యా, ఇంక ఆపీండి. ఆ పేరు ఇంట్లో మళ్లీ అనొద్దు కొన్నాళ్లు” అన్నాడు.

చనిపోయినవాళ్ల పేరును గింజ వేయకుండా బిడ్డకు పెట్టకూడదు. మా ఇంట్లో అది పెద్ద తప్పు. అందుకే నాకు చెప్పలేదు. నెల రోజులు అక్కడ ఉండి వచ్చిన నా భార్యకు తెలుసు. ఆ వాకిట్లో అందరికీ తెలుసు. మా అమ్మ పేరు పిలిస్తే ఏడు నెలలు ఒక బిడ్డ తల తిప్పి చూసింది. నేనొక్కణ్నే పిలవలేదు.